కుట్టేది క్షణం, మానేది నెలలు

మా నాన్న శ్రీకాళహస్తిలో కంసాలి. నేను నర్సు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందుకని చెవులు కుట్టే అరుగూ చూశాను, ఆ చెవులే చీము పట్టి వచ్చే ఆసుపత్రి బల్లా చూశాను. ఇప్పటి పిల్లలు తమ్మెతో ఆగడం లేదు. చెవి అంచున, ముక్కున, కనుబొమ మీద, బొడ్డున కుట్టించుకుంటున్నారు. నెల తిరక్కముందే ‘అవ్వా, సలుపుతోంది’ అని వస్తున్నారు. వాళ్లకీ, వాళ్ల అమ్మలకీ నేను చెప్పే మాటలు ఇవి.

1. కుట్టేవాడి చెయ్యి కంటే ముందు కన్ను చూడండి.
మేనమామ ఒడిలో పిల్లను కూర్చోబెట్టాక నాన్న వెంటనే సూది పట్టేవాడు కాదు. పొద్దుటి ఎండకి తమ్మెను అడ్డంగా పట్టి, వెలుగు బాగా దిగే చోటు వెతికేవాడు. సన్నటి నరం అడ్డం వస్తే పక్కకు జరిగేవాడు. రెండు చెవులకీ చుక్క పెట్టి, ఎదురుగా కూర్చుని సరిచూసుకున్నాకే కుట్టేవాడు. ఎండ వెలుగులో చోటు వెతికే ఈ పద్ధతి సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలోనూ ఉంది. తెగిన తమ్మెలను అతికే 15 రకాల పద్ధతులు కూడా అక్కడే ఉన్నాయి. అంచుకి మరీ దగ్గరగా కుట్టి బరువు జూకాలు వేలాడదీస్తే చెవి తెగుతుంది. మన పెద్దవాళ్లు జూకాలకి మాటీలు తగిలించి ఆ బరువును జుట్టు మీదికి తీసుకుంది అందుకే.

2. తమ్మె లెక్క వేరు, చెవి అంచు లెక్క వేరు.
తమ్మెకు రక్తం బాగా అందుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. ముక్కుకి రెండు నుంచి నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చెవి పైఅంచుకీ బొడ్డుకీ ఆరు నెలల నుంచి ఏడాది. చెవి పైభాగంలో ఉండేది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైన కప్పిన పల్చటి పొర నుంచే పోషణ అందాలి. అక్కడ చీము చేరితే ఆ పొర ఊడి, మృదులాస్థి చచ్చి, చెవి ముడుచుకుపోతుంది. ఆ వంకర తర్వాత పోదు.

మా బంధువుల పిల్ల ఒకతె అంగట్లో గన్నుతో చెవి అంచు కుట్టించుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి పైభాగమంతా ఎర్రగా ఉబ్బి, తాకితే కాలుతోంది. తమ్మె మాత్రం మామూలుగానే ఉంది. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి. పైన వాచి తమ్మె బాగుంటే మృదులాస్థి పొరకి చీము పట్టినట్టు అనుమానించాలి. ఆ రోజే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించాలి. అక్కడ తరచూ చేరేది సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి. మామూలు చర్మపు పుండ్లకి వాడే మాత్రలు దాని మీద చాలాసార్లు పనిచేయవు.

గన్ను మొద్దు మొనను బలంగా తోస్తుంది, మృదులాస్థిని నలగ్గొడుతుంది. ప్లాస్టిక్ గన్నును ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేయడం కుదరదు. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒకే దుకాణంలో చెవి అంచు కుట్టించుకున్న ఏడుగురికి సూడోమోనాస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. ఆరా తీస్తే, శుభ్రం చేయడానికి వాడిన మందు సీసాలోనే ఆ క్రిమి దొరికింది. అంచు కుట్టించుకోవాల్సిందే అంటే అప్పుడే కవరు చించిన బోలు సూదితో, చేతి తొడుగులు వేసుకున్నవాళ్ల దగ్గరే కుట్టించుకోండి.

3. నీరు కారితే చీము కాదు.
మొదటి వారాల్లో కాస్త ఎరుపు, వాపు, పల్చటి నీరు కారి పక్కు కట్టడం మామూలే. ఆ పక్కును గోటితో గిల్లకండి. చిక్కగా, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో కారుతూ వాసన వచ్చినా, రాత్రి నిద్ర పట్టనంత పోటు ఉన్నా, ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, జ్వరం తగిలినా ఇంటివైద్యం ఆపి ఆసుపత్రికి నడవండి.

4. మందులు ఎక్కువైతే పుండు మానదు.
నేను చూసిన వాటిలో సగం పుండ్లు అతివైద్యంతో ముదిరినవే. ఒకరు కొబ్బరినూనె, పసుపు రాస్తారు. ఒకరు చీపురుపుల్ల దూరుస్తారు. ఇంకొకరు స్పిరిట్ పోస్తారు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, పుల్ల క్రిముల్ని లోపలికి మోస్తుంది, స్పిరిట్ కొత్తగా పుట్టే చర్మాన్ని చంపుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, రోజుకి రెండుసార్లు సెలైన్‌తో తడిపి, శుభ్రమైన గాజుగుడ్డతో అద్దితే చాలు. సెలైన్ అంటే లీటరు నీళ్లకి తొమ్మిది గ్రాముల ఉప్పు. మందుల అంగట్లో దొరికే సీసా ఇంకా నయం. కమ్మను గుండ్రంగా తిప్పమనే పాత సలహా వదిలేయండి. తిప్పిన ప్రతిసారీ లోపల కట్టిన పొర చిరుగుతుంది.

5. చీము కనబడగానే కమ్మ పీకెయ్యకండి.
తీసిన గంటల్లోనే పైన రంధ్రం మూసుకుని చీము లోపల చిక్కుతుంది. అది గడ్డ కడితే కోయాల్సి వస్తుంది. తియ్యాలో వద్దో డాక్టరు చెప్పాలి. వాచిన తమ్మెలో వెనక మర కూరుకుపోయినా ఇంట్లో లాగకండి. ఆసుపత్రిలో మత్తు సూది వేసి చిటికెలో తీస్తారు.

6. దురద వేరు, చీము వేరు.
మా ఊరి గాలిగోపురం దగ్గర అంగళ్లలో కవరింగు కమ్మలు ముచ్చటగానే ఉంటాయి. పచ్చిపుండులో అవి వద్దు. చౌక లోహంలో తరచూ నికెల్ ఉంటుంది. అది పడనివాళ్లకి చెవి దురదపెట్టి, పొట్టు రేగి, రసి కారుతుంది. ఒకసారి పట్టుకున్న ఆ అలర్జీ జన్మంతా ఉంటుంది. వాచీ గొలుసు తగిలినా దద్దురు లేస్తుంది. అందుకే ఐరోపా దేశాలు 1994లోనే నగల్లో నికెల్‌కి హద్దు పెట్టాయి. మానేదాకా 916 బంగారమో, శరీరంలో అమర్చే రకం టైటానియమో వాడండి.

7. బుడిపె లేస్తే రకం తెలుసుకోండి.
రంధ్రం పక్కన చిన్న ఎర్ర బుడిపె రాపిడి వల్ల వచ్చిందైతే, ఆ వైపు పడుకోవడం మానేస్తే తగ్గుతుంది. కుట్టిన చోటు దాటి, నెలలు గడిచేకొద్దీ పెరిగే గట్టి గడ్డ కీలాయిడ్. మన ఒంటి రంగు వాళ్లలో, పది నుంచి ముప్పై ఏళ్ల వయసులో అది ఎక్కువ. ఉత్తగా కోసేస్తే మళ్లీ, చాలాసార్లు ఇంకా పెద్దదై వస్తుంది. గడ్డలోకి స్టెరాయిడ్ సూదిమందు వేయించుకోవాలి. తిరుపతి రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే కొత్త రంధ్రం మాట మరిచిపోండి.

8. మొక్కుకైనా సూది శుద్ధిగా ఉండాలి.
ఆడికృత్తికకి మా ఊళ్లో కుమారస్వామి కొండకి కావళ్లు కదులుతాయి. ఈ ప్రాంతంలో నోటికి, బుగ్గలకి అలగు గుచ్చుకునే మొక్కూ ఉంది. బుగ్గకి రక్తం బాగా అందుతుంది కాబట్టి త్వరగానే మానుతుంది. ఒకరికి గుచ్చిన శూలం ఇంకొకరికి గుచ్చితేనే ప్రమాదం. హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ భక్తిని చూసి ఆగవు. ఎవరి అలగు వారిదే కావాలి, ఉడికించి వాడాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండాలి. పిల్లలకి పదేళ్లకీ పదహారేళ్లకీ టీడీ సూది ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. పుండు మానేదాకా స్వర్ణముఖి నదిలో మునకలు వద్దు. ఒంటి మీద ఎక్కడ కుట్టించుకున్నా ఏడాదిపాటు రక్తదానానికీ వెళ్లకండి.

9. తిట్టే ఇంట్లో పుండు దాగుతుంది.
గన్నుతో చెవి అంచు కుట్టించుకున్న ఆ బంధువుల పిల్ల నా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది నొప్పి తెలియక కాదు, వాళ్ల నాన్న తిడతాడని. జుట్టు చెవి మీదికి దువ్వుకుని రోజులు నెట్టింది. చెవి దక్కింది కానీ పైఅంచు కొంచెం నొక్కుకుపోయింది. ‘ఏం మే, ఎవర్నడిగి కుట్టించుకున్నావ్’ అనే మాట పుండు మానాక అడగండి. ముందు ‘ఏదీ, చూపించు’ అనండి.

పిల్లలకి చివరగా ఒక మాట. పరీక్షల ముందు, పెళ్లి ముందు, ఊరి ప్రయాణం ముందు కుట్టించుకోకండి. ఆరు నెలలైనా ఏడాదైనా, మానేదాకా రోజుకి రెండుసార్లు శుభ్రం చేసుకునే ఓపిక ఉంటే ఎక్కడైనా కుట్టించుకోండి. లేకపోతే తమ్మెతో ఆగండి.