చిట్టీ, ఆ పంపు ఆపకు

మోర్తాడ్,
ఫిబ్రవరి

చిట్టీ,

ఇక్కడ పసుపు ఉడకబెట్టుడు అయింది, కల్లంల ఆరుతుంది. వచ్చే వారం డ్రమ్ముల పోసి పాలిష్ చేస్తరు. అది అయ్యేదాక చిన్నోన్ని తీసుకరాకు. ఆ దుమ్ము నాకే గొంతుల పట్టుకుంటది, వాడు తట్టుకోలేడు.

నువ్వు ఫోన్ల చెప్పిన మాట మాత్రం నాకు నచ్చలే. దగ్గు తగ్గిందని వాడు రోజూ పీల్చే పంపు బంద్ చేసినవా? ఎవరినడిగి? కోపం గాదు బిడ్డా, భయం. దగ్గు తగ్గింది ఆ పంపుతోనే గద! దమ్మున్న పిల్లలు ఆడుకుంటున్నా ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటనే ఉంటది. దాన్ని ఆ రోజూ పంపుల ఉన్న బుడెసొనైడ్ మెల్లమెల్లగ తగ్గిస్తది. నీలం పంపు, సాల్బుటమాల్, వేరే. బిగుసుకున్న గొట్టాలను నిమిషాలల్ల వదులు చేస్తది గని వాపును ముట్టదు. మాటిమాటికి నీలం పంపు అవసరం పడుతుందంటే లోపల వాపు అదుపుల లేనట్టే. మోతాదు తగ్గించేది డాక్టరు, నువ్వు గాదు.

పంపు అలవాటైతదని మీ అత్తమ్మ భయపడుతుందట. నేను పిల్లల వార్డుల పని చేసినన్ని రోజులు తల్లులందరి నోట ఇదే మాట విన్న. అలవాటు గాదు, పంపుల మందు గూడ సిరప్పు కన్న తక్కువే. సాల్బుటమాల్ పంపు ఒక్కసారి కొడితే 100 మైక్రోగ్రాములు. అదే మందు 5 మిల్లీలీటర్ల సిరప్పుల 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లు, అదీ ఒళ్లంతా తిరిగి ఛాతీకి రావాలె. ఆమెతో కొట్లాడకు, నెమ్మదిగ చెప్పు. బీడీలు చుట్టే చాట మాత్రం వాడు పండే అర్రల పెట్టనియ్యకు, ఆ పొగాకు దుమ్ము వానికి పడది.

మృగశిర నాడు నాంపల్లి చేపమందుకు పోదామంటున్నరా? అది దమ్మును తగ్గిస్తదన్న రుజువు లేదు. పసివాని గొంతుల బతికున్న కొర్రమీను పిల్లను మింగించుడు నాకు మనసొప్పదు. ఎవరెంత చెప్పినా పంపు ఆపేది లేదు.

స్పేసర్‌కు మాస్కు పెట్టి ముక్కు, నోరు మూసేటట్టు ఆనించు. పంపు ఊపి ఒక్కసారే కొట్టు, అయిదారు ఊపిర్లు తీయనియ్యి, మళ్లా ఊపి రెండోది. బుడెసొనైడ్ అయినంక నోరు పుక్కిలించాలె.

పక్కటెముకల నడుమ చర్మం లోపలికి గుంజుకుంటున్నా, మాట పూర్తిగ రాకున్నా, పెదవులు నీలంగ మారినా తెల్లారేదాక చూడకు. నీలం పంపు ఇస్తనే 108కు ఫోన్ కొట్టు. మీ ఆయన దుబాయిల ఉన్నడు, ఎవరినడగాలెనని కూసోకు.

రేపే డాక్టరు దగ్గరికి పో. పంపు ఆపిన సంగతి దాచకు, తిడితే తిట్టనియ్యి. ఏమన్నడో రాత్రికి ఫోన్ చెయ్యి.

నీ
పెద్దమ్మ