పోటీ పరీక్షల ప్రత్యేకం: మూలకణాల జాడ పట్టిన పాతబస్తీ పరిశోధన

మూలకణాలను శరీరంలోకి ఎక్కిస్తే సరిపోదు. చేరాల్సిన అవయవానికి చేరాయో లేదో తేలాలి. రీజెనరేటివ్ మెడిసిన్‌కు ఇదే అసలు సవాలు. దీనికి హైదరాబాద్ పాతబస్తీలోనే చక్కటి ఉదాహరణ ఉంది.

ఎక్కడ: కంచన్‌బాగ్‌లోని దక్కన్ వైద్య కళాశాల (స్థాపన 1984), కాలేయ పరిశోధన కేంద్రం.

ఎవరు: డాక్టర్ సి.ఎం.హబీబుల్లా (పద్మశ్రీ, 2001), డాక్టర్ అలీమ్ ఖాన్ బృందం.

ఏం చేశారు: 25 మంది సిర్రోసిస్ రోగులకు పిండ కాలేయం నుంచి వేరుచేసిన ఎప్‌క్యామ్ అనే ఉపరితల ప్రొటీన్ ఉన్న మూలకణాలను హెపాటిక్ ధమని ద్వారా నేరుగా కాలేయంలోకి పంపారు. ఫలితాలు 2010లో వెలువడ్డాయి.

జాడ ఎలా పట్టారు: కణాలకు టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని జోడించారు. అది వెలువరించే గామా కిరణాలను గామా కెమెరా పసిగడుతుంది. టెక్నీషియం-99ఎం అర్ధజీవిత కాలం సుమారు 6 గంటలే. కాబట్టి కణాలు చేరిన చోటు తెలుస్తుంది కానీ నెలల తరబడి వాటిని గమనించలేం.

ఫలితం: కాలేయ వ్యాధి తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు సగటు ఆరు నెలలకు తగ్గింది. ఈ స్కోరు తగ్గితే కాలేయం మెరుగుపడినట్లు. అయితే ఇంత చిన్న ప్రయోగంతో చికిత్స రుజువైనట్లు కాదు.

నిబంధన: ఐసీఎంఆర్, డీబీటీ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదిత అవసరాలకు తప్ప, మూలకణాలను క్లినికల్ ట్రయల్స్‌లోనే వాడాలి. డబ్బు తీసుకుని ఆశలు అమ్మే ప్రకటనల నుంచి రోగులను కాపాడటం ఈ నిబంధన ఉద్దేశం.

మాదిరి ప్రశ్న: మెల్డ్ స్కోరు ఏ అవయవానికి సంబంధించినది?
జవాబు: కాలేయం