ఆరోగ్య ప్రశ్నోత్తరములు: దురదకు గృహవైద్యము

ఈ మాసము చేరిన ఉత్తరములలో పెక్కింటిలో కనబడిన ప్రశ్న యొక్కటే: దురదకు ఇంటిలో చేసికొనదగిన చికిత్స యేది? అడిగిన ప్రశ్న యొకటియే యైనను అడిగినవారి రోగములు వేఱువేఱు. ఒకరికి ఔషధమైనది మఱియొకరికి అపకారము కాగలదు. కావున నాలుగు ఉత్తరములను సంగ్రహించి, విడివిడిగా సమాధానములు వ్రాయుచున్నాను.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారములు. మా బాబుకు ఏడాదిన్నర నిండినది. మూడవ నెలలో బుగ్గలు ఎఱ్ఱగా పొక్కి రసి కారినవి. ఇప్పుడు మోచేతి మడతలలోను, మోకాళ్ళ వెనుకను చర్మము గరుకెక్కి, రాత్రులు నిద్ర లేక గోకుకొనుచున్నాడు. డాక్టరు ఇచ్చిన మలాములో స్టెరాయిడు ఉన్నదని విని భయపడి మానివేసితిమి. మా అత్తగారు వేపాకు, పసుపు నూరి పట్టించుచున్నారు. వేపనూనె పాలలో కలిపి త్రాగించుమని పొరుగువారు చెప్పుచున్నారు. చనుబాలిచ్చుచున్నాను గనుక వంకాయ, గ్రుడ్డు, వేరుసెనగ నేను మానివేసితిని. ఇంటి వైద్యముతో నయమగునా? — ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మొదట మూడవ నెలలో చెక్కిళ్ళయందు పుట్టి, బిడ్డ ప్రాకి నడచు వయస్సు వచ్చునప్పటికి కాలుసేతుల మడతలకు చేరిన ఈ వ్యాధి ఎగ్జిమా యగుటకే అవకాశ మెక్కువ. ఇది అంటువ్యాధి కాదు. బాబు పక్కను, పళ్ళెమును వేఱు చేయ నక్కఱలేదు. మీ ఇంటిలో గాని మీ పుట్టినింటిలో గాని ఉబ్బసము, తుమ్ముల జలుబు ఉన్నవారెవరైన నున్నారేమో తలచుకొనుడు. ఎగ్జిమాయు, ఆ రెండును తఱచు ఒకే వంశమున వచ్చుచుండును.

మన చర్మపు పైపొరను ఇటుకలను సున్నముతో కూర్చి కట్టిన గోడగా భావించినచో, ఎగ్జిమా గల బిడ్డలయందు ఆ సున్నము పలుచనై, లోని తేమ వెలికి పోవుటకును, వెలుపలి సబ్బు, దుమ్ము, సూక్ష్మక్రిములు లోనికి చొచ్చుటకును దారి యేర్పడియుండును. 2006లో, ఫిలాగ్రిన్ అనెడి చర్మపు ప్రోటీనును నిర్మించు జన్యువునందలి లోపము చాలమంది రోగులయందు ఈ బలహీనతకు మూలమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కనుక ఈ వ్యాధి మీ వంటలోని దోషము వలన గాని, మీరు చేసిన పొరపాటు వలన గాని వచ్చినది కాదు. బిడ్డను జూచి రాత్రులు కంటనీరు పెట్టుకొను తల్లులకు ఈ మాట ముందుగా చెప్పుట వైద్యుని ధర్మమని నేను నమ్ముదును.

గోడ బలహీనమైనప్పుడు దానికి కావలసినది నీరును, ఆ నీటిని నిలుపు స్నేహద్రవ్యమును. గృహవైద్యములో నిజమైన సారము ఇదే. దీనిని శ్రద్ధగా చేసినచో సగము దురద తగ్గుటను నేను చూచుచున్నాను. బాబుకు దినమున కొక్కమారు, మోచేతితో ముట్టుకొని చూచిన వెచ్చదన మించుకయే తెలియునట్టి నీటితో, అయిదు మొదలు పది నిమిషములకు మించకుండ స్నానము చేయించుడు. సున్నిపిండితో నలుగుపెట్టి రుద్దుట, ముతక పీచుతో తోముట ఈ బిడ్డ విషయమున పూర్తిగా మానవలెను. సబ్బు, సువాసన లేని సున్నితమైన దానిని, మురికి పట్టు చోట్ల మాత్రమే వాడుడు. స్నానమైన వెంటనే పాతబడి మెత్తనైన నూలు ధోవతి గుడ్డతో తుడువక, ఒత్తి ఒత్తి తీయుడు. చర్మముపై కొంచెము చెమ్మ మిగిలియుండవలెను. ఆ చెమ్మ ఆఱక మునుపే, అనగా రెండు మూడు నిమిషములలో, కొబ్బరినూనెను గాని, వాసన లేని పెట్రోలియం జెల్లీని గాని అరచేతిలో తీసికొని, రోమములు పెరుగు దిక్కుగా, పైనుండి క్రిందికి మృదువుగా రాయుడు. సాయంకాలము స్నానము లేకున్నను మఱల రాయుడు. స్నానము ముగిసి పావుగంట గడచి, చర్మ మెండిన పిమ్మట పూసిన నూనె యెంత మంచిదైనను అంతగా మేలు చేయదు.

కొబ్బరినూనెను నేను మెచ్చుటకు కారణము కలదు. ఫిలిప్పీన్సు దేశమున ఎగ్జిమా గల పిల్లలకు ఎనిమిది వారములు పూసి చేసిన పరీక్షా ఫలితములు 2014లో ప్రచురింపబడినవి. పచ్చికొబ్బరినుండి కాయక తీసిన నూనె, సాధారణ ఖనిజతైలముకంటె మెఱుగుగా చర్మపు తేమను నిలిపి వ్యాధిని తగ్గించినది. మన యిండ్లలో కొబ్బరిపాలు తీసి నూనె చేయు నేర్పు ఇంకను ఉన్నది గనుక, మీరు స్వయముగా చేసికొన్నచో మఱియు మంచిది. అందులో కర్పూరము గాని, సువాసన ద్రవ్యములు గాని కలుపకుడు. కర్పూరము పసిబిడ్డల దేహమునకెక్కి మూర్ఛ తెప్పించు ప్రమాదము గలది. ఆలివునూనె, ఆవనూనె గొప్పవని విని తెప్పించుకొనువారున్నారు. ఆ రెండును చర్మపు పైపొరను బలపఱచుటకు మాఱుగా సడలించునని పరిశోధనలు తెల్పుచున్నవి.

ఇక మీ అత్తగారి వేపాకు, పసుపుల సంగతి. ఆ రెండింటికిని సూక్ష్మక్రిములను అణచు గుణము గలదన్నది నిజమే. పెద్దవారు బిడ్డపై ప్రేమతోనే చేయుచున్నారు. అయితే నూరిన ముద్ద చర్మముపై ఎండి బిగిసినప్పుడు ఉన్న తేమను కూడ పీల్చివేయును, కడుగునప్పుడు రుద్దవలసి వచ్చును, కొందఱికి పసుపే పడక కొత్త దద్దు లేచును. అత్తగారిని నొప్పింపక, నాలుగు వేపాకులు కాచిన నీటిని చల్లార్చి వడగట్టి స్నానపు నీటిలో కలుపుటతో సరిపుచ్చుకొనుడు. రసి కారుచున్న చోట అదియు వలదు. వేపనూనె మాత్రము బిడ్డ నోటిలో ఒక్క చుక్కయు వేయకుడు. శిశువులకు దానిని త్రాగించుటవలన వాంతులు, మత్తు, మూర్ఛలు కలిగి ప్రాణాపాయ మేర్పడిన ఉదంతములు వైద్యగ్రంథముల కెక్కియున్నవి. అట్లే నిమ్మరసము, వెనిగరు, నూరిన వెల్లుల్లి పగిలిన చర్మమును కాల్చును; వెల్లుల్లి కట్టు కట్టి బొబ్బ లెక్కిన పిల్లలను తెచ్చి చూపిన తల్లులు పలువురు.

మీరు పెట్టుకొన్న పథ్యమును విడిచివేయుడు. అన్నము తిన్న కొద్ది నిమిషములకో గంటకో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి వచ్చుట వంటి స్పష్టమైన గుర్తు లేనిదే, పదార్థములను ఒక్కొక్కటిగా మాన్పించుటవలన ఎగ్జిమా పోదు సరికదా, తల్లి బలహీనపడును, బిడ్డ యెదుగుదల కుంటుపడును. వంకాయ తిన్న కొందఱికి నోరు దురదపెట్టుట వాస్తవమే. అది మీ బాబు మోచేతి మడతకు కారణము కాదు.

స్టెరాయిడు మలామును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. హైడ్రోకార్టిసోను పూతగా చర్మవ్యాధులకు ఉపకరించునని 1952లో అమెరికాలో నిరూపింపబడినది మొదలు నేటివరకు, ఎఱ్ఱగా మండుచున్న ఎగ్జిమాను అణచుటకు దాని వంటి సాధనము అరుదు. తక్కువ బలము గలదానిని, వైద్యుడు చెప్పిన చోట, చెప్పినన్ని దినములు, పలుచగా పూసినచో చర్మము చెడదు. పెద్దవారి చూపుడువ్రేలి కొనపై మొదటి గణుపు గీటువరకు పిండిన మందు, రెండు అరచేతుల వైశాల్యమునకు సరిపోవును. ఈ కొలతను జ్ఞాపకముంచుకొనుడు. భయపడవలసినది దీనికి గాదు. మందుల అంగడిలో ఎవరినో అడిగి కొనితెచ్చెడి గొట్టములకు భయపడవలెను. వానిలో మిక్కిలి బలమైన స్టెరాయిడును, బూజుమందును, యాంటీబయాటిక్కును ఒక్కటిగా కలిపి అమ్ముచుందురు. పూతకు వాడు స్టెరాయిడులను చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము నియమము చేసినను, ఆ విక్రయము ఆగలేదు. పేరులేని డబ్బీలలో వచ్చు పసరుమందు, చెట్లమందు రెండు దినములలో అద్భుతముగా నయము చేసి, మానగానే రెట్టింపై తిరుగబెట్టినచో, అందులోను ఇట్టి స్టెరాయిడే కలిసియుండునని శంకింపుడు. వైద్యుడిచ్చిన మలామును మఱల ఆయననే అడిగి మొదలుపెట్టుడు, నూనె మానకుడు.

బిడ్డ గోళ్ళు పొట్టిగా తీసి, రాత్రి వదులైన నూలు చొక్కా తొడుగుడు. జరీ, నైలాను, ఉన్ని తగులనీయకుడు. మడతలలో తేనెరంగు పక్కులు కట్టి చీము పట్టినను, లేక జ్వరముతో గుంపులు గుంపులుగా ఒకే తీరు నీటిపొక్కులు లేచి చితికి గుంటలు పడినను, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి తీసికొనిపొండు. ఈ రెండవది, పెదవిపై జ్వరపు పొక్కు గలవారు ముద్దాడుటవలన అంటు వైరస్సుచే రావచ్చును. అట్టివారిని కొన్నాళ్ళు బిడ్డకు దూరముగా నుండుమని మొగమాటము లేక చెప్పుడు.

ప్రశ్న: అయ్యా, నాకు నలువదియైదేండ్లు. చేలో కలుపు తీసిన మరునాడు ముఖము, కనుఱెప్పలు, మెడ, మోచేతి మడతలు ఉబ్బి దురదతో కాలిపోవుచున్నవి. వానాకాలమున హెచ్చు. ఊరిలో నొకరు చెప్పగా నల్లజీడి రసము పూసితిని, బొబ్బలెక్కినవి. — ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: అయ్యా, మీ గట్లమీద తెల్లని చిన్న పూలతో, చామంతి ఆకుల వంటి ఆకులతో పెరుగు వయ్యారిభామ కలదా యని నా మొదటి ప్రశ్న. విదేశపు గోధుమలతో కూడ మనదేశమునకు వచ్చినదని చెప్పబడు ఈ మొక్క, 1950వ దశకమున పూనా ప్రాంతమున కనబడి, నేడు పాకని బంజరు లేదు. దాని కాండమును ముట్టనక్కఱలేదు. ఎండి పొడియైన రేణువులు గాలిలో తేలివచ్చి, మూయబడని ముఖముమీదను, చెమట నిలుచు మడతలలోను పడిన జాలును. మీరు వ్రాసిన చోట్లన్నియు సరిగా అవే. వీపుపై పట్టీలంటించి రెండు దినముల తరువాత చూచెడి ప్యాచ్ పరీక్ష చర్మవైద్యుల యొద్ద జరుగును. దానితో నిశ్చయము కాగలదు.

నల్లజీడి పూయుట అగ్నికి ఆజ్యమైనది. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టుటకు వాడిన ఆ గింజ రసము ఆరోగ్యవంతుని చర్మమును సైతము పొక్కించునది. మామిడికాయ సొన పెదవి మూలలను కాల్చుటయు దీని చుట్టఱికమే; జీడిమామిడి, మామిడి, నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. బొబ్బలపై కాచి చల్లార్చిన నీటిలో తడిపిన పలుచని గుడ్డను పావుగంటసేపు వేసి తీయుచుండుడు; దినమున మూడు నాలుగు మార్లు చేయవచ్చును. రసి ఆఱిన పిదప నూనె రాయుడు.

కలుపును మీరు తీయకుడు. ఇంటిలో దురద లేనివారిచేత, పూత రాకమునుపే, చేతితొడుగులతో వేళ్ళతో సహా పెఱికించుడు. ఎండినదానిని కాల్చి పొగ పీల్చకుడు. ఈ మొక్కను తిను మెక్సికో పెంకుపురుగును 1980వ దశకమున బెంగుళూరులో విడిచిరి. అది ఆకులను నమలుచున్నను, మీ గట్టువఱకు దానికై కాచుకొనియుండుట కుదరదు. పొలమునుండి రాగానే బట్టలు వెలుపలనే విడిచి, ముఖము, మెడ నీటితో కడిగికొనుడు. ఏటేట వ్యాధి ముదిరి, ఎండ పొడకే ముఖము మండు స్థితి రాకమునుపే వైద్యుని చూడుడు. ఆ స్థితి వచ్చినచో పైపూతలు చాలక, ఏండ్ల తరబడి మాత్రలు మ్రింగవలసి వచ్చును.

ప్రశ్న: మా వసతిగృహములో ఒక గదిలోని విద్యార్థులందఱకు రాత్రివేళ విపరీతమైన దురద. వ్రేళ్ళ సందులలో, నడుముచుట్టు చిన్న పొక్కులు. కొబ్బరినూనె రాసిన తగ్గలేదు. — ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: నాయనా, ఇది ఎగ్జిమా కాదు, గజ్జి. చర్మములో సొరంగము త్రవ్వుకొని గ్రుడ్లు పెట్టు సూక్ష్మమైన పురుగు దీనికి మూలము గనుక, నూనె దీని నేమియు చేయజాలదు. అయిదు శాతపు పర్మెత్రిన్ లేపనమును మెడ క్రిందినుండి అరికాళ్ళవరకు, గోళ్ళ క్రిందను గూడ విడువక, రాత్రి పూసికొని ఉదయము కడిగికొనవలెను. వారము గడచినపిమ్మట మఱల నొకమారు. గదిలోని వారందఱు, దురద లేనివారుకూడ, ఒకే రాత్రి పూసికొననిచో శ్రమయంతయు వ్యర్థము. దుప్పట్లు వేడినీట ఉడికించుడు. ఉదుకరాని వానిని సంచిలో మూసి వారము దినములు ప్రక్కన పెట్టుడు. పూర్వులు వాడిన గంధకపు మలాము వాసన చెడ్డదైనను నేటికిని పనిచేయును. పసిబిడ్డలకును గర్భిణులకును వైద్యులు దానిని వ్రాయుట కలదు. వేప, పసుపుల ముద్ద గజ్జికి గుణమిచ్చినదని 1992లో నొక ప్రాథమిక పరిశీలన వెలువడినది గాని, మఱియొక మందుతో పోల్చి చూడని దానిని నమ్మి గదినిండ వ్యాపించిన గజ్జిని పెంచుకొనుట మేలు కాదు. పురుగు చచ్చిన తరువాతను దురద రెండు మూడు వారములు నిలుచును; మందు పనిచేయలేదని తలచి దినదినము పూసికొనకుము.

ప్రశ్న: నాకు అఱువది రెండేండ్లు. కొబ్బరితోటలో కూలిపని. ఏడాదిగా ఒడలెల్ల దురద. పొక్కు లేదు, దద్దు లేదు. మా కొబ్బరినూనెయే పూసికొనుచున్నాను, చెట్లమందు తిన్నాను. ఆకలి తగ్గినది, కాళ్ళు బరువెక్కుచున్నవి. — ఒక వృద్ధుడు, ఉద్దానము, శ్రీకాకుళము జిల్లా

జవాబు: పెద్దయ్యా, మీ యుత్తరము చదివి నేను కలవరపడితిని. చర్మముపై గుర్తేమియు లేక ఒడలెల్ల దురదపెట్టుట, వార్ధక్యపు పొడిచర్మము వలన కావచ్చును. కాని రక్తహీనత యున్నప్పుడును, కాలేయము, థైరాయిడు, అన్నిటికంటె ముఖ్యముగా మూత్రపిండములు చెడినప్పుడును అది హెచ్చరికగా రావచ్చును. మీ ప్రాంతమున మూత్రపిండవ్యాధి ఎంత విస్తారముగా నున్నదో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఈ వారములోనే ప్రభుత్వాసుపత్రికి పోయి రక్తములో క్రియాటినిను, హీమోగ్లోబిను, చక్కెర, కాలేయపు పరీక్షలు, మూత్రపరీక్ష చేయించుకొనుడు, రక్తపుపోటు చూపించుకొనుడు. నూనె పూయుట మానవద్దు, అది పొడిదనమును తగ్గించును. చెట్లమందు మాత్రము వెంటనే నిలుపుడు. అందులో ఏమున్నదో తెలియదు, మూత్రపిండములకు హాని చేయు లోహములు కలిసియుండవచ్చును. పరీక్షా ఫలితము తెలియువఱకు ఒంటినొప్పులకు అంగడిలో కొను నొప్పిమాత్రలనుకూడ మ్రింగకుడు.