శుభలేఖలో చేతిరాత

ఉర్లా, రాయపూర్.

చి|| అల్లుడికి మామయ్య దీవెనలు.

నువ్వు చేసి పంపిన శుభలేఖ నమూనా చూశాం. మీ అత్త మురిసిపోయింది గానీ, నాకు సగమే నచ్చింది.

వధూవరుల పేర్లు చేతిరాత ఫాంటులో పెట్టావు. అవి నిండుగా ఉన్నాయి. కానీ ముహూర్తం, మండపం చిరునామా, ఫోన్ నంబర్లు కూడా అందులోనే పెడితే ఎలా రా? పిలుపులో మనిషి గొంతు వినిపించాలి, నిజమే. చిరునామాలో మాత్రం తోవ కనిపించాలి. రైలు దిగి ఆటో ఎక్కినవాడు 1 అనుకోవాలో 7 అనుకోవాలో తేల్చుకునేలోగా తాళి కట్టేస్తారు. ఆ భాగానికి సాదా అక్షరం వాడు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన మండలి ఫాంటు ఉంది కదా, పత్రికల కోసం చేసింది, అది చాలు.

ఇంగ్లీషు కలిపిరాత చూసి తెలుగు ఫాంటు ఎంచుకోకు. అక్కడ ఒక అక్షరం తోక పక్క అక్షరాన్ని అందుకుంటుంది. హిందీకైతే పైన శిరోరేఖ ఉంది, మాటంతా దానికే వేలాడుతుంది. మనకి ఆ రెండూ లేవు. కరణాల గొలుసుకట్టులో కలం ఎత్తకుండా రాసేవారు గానీ, దాన్ని చదవడానికి మళ్లీ కరణమే కావాలి! మన అందమంతా తలకట్టు విసురులోనూ, సున్నా ఒంపులోనూ, ఒత్తు దిగే తీరులోనూ ఉంది. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి ఇన్ని శుభలేఖలకెక్కిందంటే అందుకే. గీత వంపులు పోతుంది గానీ అక్షరం పోలిక చెడదు. ఆ సొగసు చూసి పేరాలకు పేరాలు అందులోనే కొట్టేవాళ్లున్నారు. రెండో పేరాకే కళ్లు లాగుతాయి.

ఇంకో సంగతి. ఒకే పేరులో ‘ల’ రెండుసార్లు వచ్చి, రెండూ అచ్చుగుద్దినట్టుంటే చేతిరాత కాదని తెలిసిపోతుంది. హెర్మన్ జాఫ్ 1998లో చేసిన జాఫినో ఫాంటులో ఒక్కో అక్షరానికి వేర్వేరు రూపాలు పెట్టింది ఇందుకే. నీ ఫాంటులో అవి లేకపోతే కోరల్‌డ్రాలో రెండో ‘ల’ తోకని నువ్వే కాస్త సాగదియ్యి. పంక్తుల మధ్య చోటు కూడా పెంచు. ‘లక్ష్మి’లో మ-ఒత్తు కింది పంక్తిలోని గుడి మీద కూర్చుంది.

అచ్చు ఇక్కడి ప్రెస్సులోనే. వాళ్ల దగ్గర తెలుగు ఫాంట్లుండవు. నువ్వు అను ఫాంట్లలో కొట్టి ఫైలు అలాగే పంపితే ఇక్కడ తెరుచుకునేది పిచ్చిగీతలే. అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చి, పీడీఎఫ్ కూడా జతచెయ్యి. మార్చాక ఒత్తులన్నీ ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకో. ఇక్కడి ఆపరేటర్‌కి తెలుగు రాదు, ఒత్తు రాలిపోయినా అతనికి తెలియదు. రెండోవైపు హిందీ పాఠం నేను రాయించి పంపుతాను. అదీ సాదా అక్షరంలోనే పెట్టు, మా మిల్లువాళ్లు చదవాలి.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య