ఎదుటివాళ్ల డైలాగులో నీ పని

పద్మారావు నగర్,
సికింద్రాబాద్

అమ్మలూ,

హీరోయిన్ స్నేహితురాలి వేషం వచ్చిందని, గట్టిగా పది డైలాగులు కూడా లేవని నువ్వు చిన్నబుచ్చుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

ముందు మన పద్మారావు నగర్‌లో తీసిన 'ఆనంద్' (2004) మళ్లీ చూడు. అనితగా సత్యకృష్ణన్ ఎంతసేపు మాట్లాడిందని కాదు, హీరోయిన్ రూప మాట్లాడుతున్నప్పుడు ఆవిడ ఎలా వింటోందో చూడు. ఆ స్నేహం ఎంత పాతదో అక్కడే తెలుస్తుంది. క్యారెక్టర్ ఆర్టిస్టు పనిలో ముప్పాతిక వంతు వినడమే.

'అహ నా పెళ్ళంట' (1987)లో కోడి సీను నీకు తెలిసిందే. వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తింటాడు లక్ష్మీపతి. కోట శ్రీనివాసరావు గారు నవ్వించాలని ఎక్కడా తాపత్రయపడరు. ఆ పిసినారికి అది నిజంగా కోడికూర భోజనమే, అంత తృప్తిగా తింటారు. బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నాటకాలాడిన మనిషి, ఆ నిగ్రహం అక్కడ అబ్బింది. అదే సినిమాలో అరగుండు వేషం వేసిన బ్రహ్మానందం గారి ముఖం కూడా గమనించు. యజమాని మాటలకు లోపల ఉడికిపోయే నౌకరు అక్కడ ఉన్నాడు కాబట్టే ఆ పిసినారితనం మనకు అంతగా తగులుతుంది.

సెట్‌లో కెమెరా హీరోయిన్ మీదుండి, సజెషన్‌లో నీ భుజం మాత్రమే పడుతున్నా, అసలు నువ్వు కనపడకపోయినా అక్కడే నిలబడి నీ మాటలు ప్రాణం పెట్టి అందించు. అసిస్టెంట్ డైరెక్టర్ చదివేస్తాడులే అని వెళ్లిపోకు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు నీ గొంతు విని రావాలి.

చేతికి కాఫీ గ్లాసిస్తే ఏ మాట దగ్గర ఎత్తావో, ఎక్కడ దించావో డైలాగ్ పేపర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. మాస్టర్ షాట్‌లో ఒకచోట, క్లోజప్‌లో ఇంకోచోట ఎత్తితే ఎడిటర్‌కి అతకదు. నువ్వెంత బాగా చేసినా ఆ ముక్క ఎగిరిపోతుంది. గ్లాసులో నిజంగా కాఫీ పోయించుకో. ఖాళీ గ్లాసని చెయ్యే చెప్పేస్తుంది.

నీ సీన్ల పేపర్లే ఇస్తారు. కో-డైరెక్టర్ని మర్యాదగా అడిగి కథంతా చెప్పించుకో. సీన్లోకి రాకముందు నీ పాత్ర ఎక్కడుందో తెలియకపోతే గుమ్మం దాటడం కూడా రాదు.

చిన్న వేషమన్న దిగులు వదిలెయ్. రామారావు, నాగేశ్వరరావు గార్లిద్దరూ ఉన్న 1962 సినిమాకి సూర్యకాంతం గారి గుండమ్మ పేరే పెట్టారు. 'మా భూమి'లో కథానాయకుడైన సాయిచంద్ గారు ఎన్నో ఏళ్ల తర్వాత 'ఫిదా' (2017)లో హీరోయిన్ తండ్రిగా వచ్చి మనసు నింపేశారు.

జనం ఎలా వింటారో చూడాలంటే, వీలైనప్పుడు గాంధీ ఆస్పత్రి దగ్గర కాసేపు నిలబడు. రోగుల వెంట వచ్చినవాళ్లు డాక్టరు చెప్పిన మాటే ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. వింటూ ఒకావిడ చీటీని మడతపెట్టి విప్పుతుంటుంది, ఇంకొకాయన క్యారియర్ చెయ్యి మార్చుకుంటాడు. వాళ్లకు ఇబ్బంది కలగకుండా చూడు, ఫోన్ మాత్రం బయటికి తియ్యకు.

ఆదివారం పేపర్లు తీసుకుని ఇంటికి రా. హీరోయిన్ మాటలు నేను చదువుతాను. నీ డైలాగులు తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న