అమ్మ ఏం చేస్తుంది? ఆ కారులో పోయేది ఎవరు?

బడి తెరవగానే నింపే దరఖాస్తులో తండ్రి వృత్తి, తల్లి వృత్తి అని రెండు గళ్లుంటాయి. ధర్మవరంలో మగ్గమున్న చాలా ఇళ్లవాళ్లు మొదటి గడిలో 'చేనేత' అనీ, రెండో దాంట్లో 'గృహిణి' అనీ రాసేస్తారు. పిల్లవాడిని అడిగితే ఇంకో మెట్టు దిగుతాడు: "మా అమ్మ ఏమీ చేయదు సార్, ఇంట్లోనే ఉంటాది."

ఆ అమ్మ తెల్లారకముందే లేచి రాట్నం ముందు కూర్చుంటుంది. పట్టు దారాన్ని కండెలకు చుడుతుంది. తెగిన పోగులు అతుకుతుంది. మధ్యలో వంట, నీళ్లు, పిల్లవాడి క్యారియరు. భర్త టిఫినుకు లేస్తే తానే గుంతలో దిగి మగ్గం ఆడించే ఆడవాళ్లున్నారు, మొత్తం చీర తామే నేసేవాళ్లూ ఉన్నారు. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశం మొత్తం మీద చేనేత పనివాళ్లు 35 లక్షలకు పైగా తేలారు. వాళ్లలో 25 లక్షలకు పైగా ఆడవాళ్లే. సర్కారు లెక్కకు ఎక్కినవాళ్లు సొంత కొడుకు లెక్కలోకి రాలేదు.

పిల్లవాడు అబద్ధమాడలేదు, విన్నదే చెప్పాడు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు "నేను నేస్తాను, ఆయమ్మ ఇంట్లో ఉంటాది" అని మనమే అంటాం. అందుకే దిద్దుబాటు కూడా అక్కడే మొదలుపెట్టండి. ఈసారి దరఖాస్తులో రెండు గళ్లలోనూ 'చేనేత' అని రాయండి, అదీ పిల్లవాడి చేతనే రాయించండి. చీర మడత పెడుతున్నప్పుడు "మీ అమ్మా నేనూ నేసింది" అనండి. దీనికి వేరే పాఠమేమీ అక్కర్లేదు.

మగపిల్లల విషయంలో మన మాట ఇంకా కరుకు. నాలుగేళ్లవాడు మోకాలు చీరుకుపోయి ఏడుస్తుంటే "మొగోడివి కాదా, ఆడపిల్ల మాదిరి ఏడుస్తావేంరా" అంటాం. వాడికి ఆ ఒక్క మాటలో రెండు సంగతులు అందుతాయి: నొప్పి చెప్పుకోకూడదు, ఆడపిల్ల తనకంటే తక్కువ. వాడే పద్నాలుగేళ్లకు బడిలో ఎవరో కొడుతున్నా ఇంట్లో చెప్పడు. వాడు గుట్టుమనిషి అయ్యాడని అప్పుడు మనమే బాధపడతాం. "గాజులు తొడుక్కున్నావా" అనే ఎగతాళినైతే పూర్తిగా మానుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను. ధర్మవరంలో ఎన్ని ఇళ్లకు అన్నం పెడుతున్నవి ఆ గాజుల చేతులే!

మెచ్చుకోలులోనూ ఇదే ఉంది. ఇల్లు నిలబెట్టిన కూతురిని "కొడుకులాంటిది" అంటాం. ప్రేమతోనే అంటాం, నాకు తెలుసు. కానీ అమ్మను కంటికి రెప్పలా చూసుకునే కొడుకును "కూతురులాంటివాడు" అని నలుగురిలో ఎవరైనా పొగడగా విన్నారా? కూతురు మంచిదైతే మంచి కూతురు అనే చెప్పండి, చాలు.

హిందూపురం చుట్టుపక్కల పల్లెల నుంచి బట్టల ఫ్యాక్టరీలకు బస్సుల్లో వెళ్లే అమ్మాయిల గురించి "గార్మెంట్స్‌కు పోయే పిల్లలు" అని ఓ రకంగా సాగదీసి అనడం మీరూ వినే ఉంటారు. ఆ సాగదీతలో ఏముందో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. దారిలో ఆ అమ్మాయిలను ఎవడైనా వేధిస్తే "ఆట పట్టించాడులే" అనో, "ఈవ్ టీజింగ్" అనో తేల్చేస్తాం. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులకూ న్యాయవాదులకూ ఇలాంటి మాటల మీద ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. 'ఈవ్ టీజింగ్' వద్దు, వీధిలో జరిగే లైంగిక వేధింపు అనే రాయండి అని అందులో ఉంది. కోర్టు తీర్పుల్లోనే మాట మార్చుకోవాల్సి వచ్చిందంటే, మన వంటింట్లో మార్చుకోవడం నామోషీ ఏమీ కాదు.

ఇలాంటి మాటలు ఆడవాళ్ల దగ్గరే ఆగవు, పరాయి మనుషుల మీదా పడతాయి. ఇక పెనుకొండ చూడండి. పక్కనే ఎర్రమంచిలో 536 ఎకరాల్లో కట్టిన కొరియా కంపెనీ కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. దాంతోపాటే కొరియా మనుషులు, కొరియా అక్షరాల బోర్డులు, కొరియా భోజనం హోటళ్లు వచ్చాయి. ఇన్నేళ్లయినా బజారులో ఒక కొరియా ఆయన కనబడితే పిల్లలు "చైనావోడు, చైనావోడు" అని అరుస్తారు, పక్కనున్న పెద్దలు నవ్వుతారు. ఆ నవ్వే పిల్లలకు అనుమతి.

కొరియా వేరే దేశం, వేరే భాష, వేరే లిపి. 1910 నుంచి 1945 దాకా జపాను ఏలుబడిలో నలిగిన దేశమది. అలాంటి దేశపు మనిషిని 'ఏ జపానోడో' అంటే ఎక్కడ గుచ్చుకుంటుందో ఆలోచించండి. పిల్లలకు ఈ చరిత్రంతా ఒక్కరోజులో చెప్పనక్కర్లేదు. వాళ్ల భాషలో అమ్మను 'ఒమ్మా' అనీ నాన్నను 'అప్పా' అనీ పిలుస్తారని చెప్పి చూడండి. కన్నడం వినబడే హిందూపురం పిల్లలకు ఆ 'అప్పా' కొత్తేమీ కాదు. మన మాదిరే వాళ్లూ చెప్పులు విడిచే ఇంట్లోకి వెళ్తారు, కారం తింటారు. 'అన్న్యోంగ్ హసేయో' అనే ఒక్క పలకరింపు నేర్పితే, రేపు "చైనావోడు" అని అరిచే నోటితోనే దండం పెట్టినట్టు పలకరిస్తారు.

మణిపూర్, అరుణాచల్ పిల్లలు మన దేశం పిల్లలే. వాళ్లనూ 'చైనావోడు' అనే మాటతోనే పిలుస్తాం. అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు నిడో తానియా 2014 జనవరిలో ఢిల్లీలో చనిపోయాడు. గొడవ మొదలైంది అతని జుట్టు మీద, రూపం మీద చేసిన ఎగతాళితో. ఇది పిల్లలకు భయపెట్టి చెప్పకండి. కానీ హైస్కూలు పిల్లలకు దాచకండి కూడా.

ఈ నొప్పి మనకు తెలియనిది కాదు. ఉత్తరాదికి పోతే మనందరం మదరాసీలమే. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ఆయన్ను ఇరాన్ మనిషి అనుకున్నాడు. 'మా దేశం నుంచి పొండి' అని అరిచాడు. అంత దూరం ఎందుకు, మన సీమ పిల్లవాడు హైదరాబాదు హాస్టల్లో చేరగానే "మీ ఊళ్లో బాంబులేస్తారంట కదా" అని అడుగుతారు. 1999లో సమరసింహారెడ్డి విజయం తర్వాత వరుసకట్టిన ఫ్యాక్షన్ సినిమాలు ఆ ప్రశ్నను వాళ్ల నోటికి అందించాయి. ఆ కడుపుమంట గుర్తున్న తల్లిదండ్రులు, క్రికెట్ మ్యాచ్ రోజున పక్కింటి ముస్లిం పిల్లవాడిని "నువ్వు పాకిస్తాన్ పక్షమా" అని ఎవరైనా అడిగితే ఊరుకోకూడదు. పెనుకొండ బాబయ్య దర్గాకు మనమూ పోతాం, మొక్కుకుంటాం. ఆ ఊరి పిల్లవాడికి అలాంటి ప్రశ్న ఎదురవకూడదు.

మీ పిల్లవాడే ఆ ప్రశ్న వేశాడనుకోండి. అందరి ముందూ చెంప పగలగొట్టకండి, వాడికి సిగ్గు మిగులుతుంది గానీ సంగతి ఎక్కదు. ఇంటికొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మాట యాడ విన్నావని అడగండి. సగంసార్లు మన పేరే బయటికొస్తుంది. అప్పుడు "నేనన్నది తప్పు, ఇకమీద అనను" అని చెప్పండి. మరుసటిరోజు వాడే వెళ్లి ఆ పిల్లవాడిని ఆటకు పిలవాలి, మీరు గుమ్మం దాకా తోడు వెళ్లండి. 'చైనావోడు' లాంటి మాట అన్నది తాతో అవ్వో అయితే వాళ్లను మనవడి ఎదుట దిద్దకండి. వాళ్లు అన్నాక అదే సంగతిని మీ మాటల్లో సరిగా చెప్పండి: "అవునవ్వా, ఆ కొరియా ఆయన మన వీధిలోనే బాడుగకుంటాడు, పేరు కనుక్కోవాల." పేరు కనుక్కునే పని ఆ మనవడికే అప్పజెప్పండి.