ట్రాక్టరు నీళ్లు ఎటు పోవుచున్నవి?

తాండూరు ప్రాంతపు నల్లరేగడిలో అదను స్వల్పము. మృగశిర కార్తెలో వాన పడి, నేల కొంత ఆరినంతనే కందికి దున్నవలెను. మరి ఆరినచో గట్టిపడును, మరల తడిసినచో చక్రము దిగబడును. అట్టి దినములలోనే మన సంఘ సభ్యు లొకరు నాకు కబురంపిరి. వారి ట్రాక్టరు రేడియేటరులో ప్రతి యుదయము లీటరునకు తక్కువ గాకుండ నీళ్లు పోయవలసి వచ్చుచుండెను. క్రింద చూడబోయిన తడి లేదు. "సారూ, బండి నీళ్లు తాగుతున్నది, ఎటు పోతున్నయో తెలుస్తలేదు" అని వారి మొర.

అంతకు ముందే యొక మెకానిక్కు వచ్చి, హెడ్డు గాస్కెట్టు పోయినదనియు, ఇంజను విప్పక తప్పదనియు చెప్పిపోయెనట. విప్పినచో వారము దినములు బండి షెడ్డులో నుండును, అదను దాటిపోవును, ఖర్చునకు మరల అప్పు చేయవలెను. విప్పుటకు ముందు ఒక్క పూట పరీక్షింతమని నేను చెప్పితిని.

ఇంజనులోని నీళ్లు పోవుటకు మూడు త్రోవలే కలవు. బయటికి కారవచ్చును, సిలిండరులో చేరి పొగతో పోవచ్చును, ఇంజనాయిలులో కలియవచ్చును. ఈ మూటిలో ఏదియో తేలక మునుపు పానా చేతబట్టుట వృథా శ్రమ.

మొదట ఆయిలు పుల్లను తీసి చూచితిమి. నీళ్లు కలిసిన ఆయిలు మజ్జిగ వలె తెల్లబారును, మట్టమును పెరుగును. ఇచ్చట నల్లగానే యుండెను. పిమ్మట చల్లని యింజనుపై రేడియేటరు మూత తీసి, బండి నడిపించి, నీళ్లను కనిపెట్టితిమి. గాస్కెట్టు కాలినచో సిలిండరులోని వాయువు నీళ్లలోనికి వచ్చి బుడగలు ఎడతెగక లేచును. బుడగలు లేవు. ఉదయము మొదటి పొగలో కొంత ఆవిరి యుండుట సహజము. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ మానక వచ్చినచో అనుమానింపవలెను. అదియు లేదు. అంతటితో గాస్కెట్టుపై మోపిన నేరము చాలవరకు వీగిపోయెను.

ఇక బయటి త్రోవ. బయట కారినచో తడి యేల కనబడదని మీ రడుగవచ్చును. పని చేయుచున్న యింజను గోడ 80, 90 డిగ్రీల వేడిలో నుండును. ఫ్యాను గాలి యొకటి తోడగును. చుక్క నేలకు చేరకమునుపే ఆరిపోవును. మరియొక చిక్కు కలదు. రేడియేటరు మూత లోపలి యొత్తిడిని బిగబట్టి యుంచును. ఒక పౌను ఒత్తిడి పెరిగినచో నీరు మరుగు వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగును. మన వికారాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నుండుటచే, మూత లేని నీరు ఇచ్చట 98 డిగ్రీలకే మరుగును. కావున మూత రబ్బరు చెడినచో నీళ్లు ఆవిరియై పోవుచునే యుండును. ఇంతటి బండిలో మిక్కిలి చవకైన వస్తువు మూతయే. అందరును చివరకు చూచునదియు నదే. మేము మొదటనే చూచితిమి. బాగుగనే యుండెను.

తాండూరు బండలు మోయు లారీలను బాగుచేయు షెడ్డునుండి ఒత్తిడి పరీక్షకు చేతిపంపు నొకదానిని అడిగి తెచ్చితిమి. దానిని మూత స్థానములో బిగించి, మూతపై అచ్చొత్తిన యంకె వరకు మాత్రమే గాలి కొట్టితిమి. ఆ యంకెను మించరాదు. మించినచో లేని కారుటను మనమే పుట్టింతుము. పావుగంట యైనను ముల్లు కదలలేదు. టార్చి లైటుతో రబ్బరు గొట్టములు, క్లిప్పులు, అడుగు కుళాయి అన్నియు వెదకుచు నేను మరియొక గంట పోగొట్టుకొంటిని. అది నా తప్పు. చూడవలసినది తడి కాదు, తడి యారిన గుర్తు.

వాటర్ పంపు క్రిందినుండి వెనుకకు, ఫ్యాను గాలి పోవు దిక్కున, సన్నని తెల్లని చార యొకటి యుండెను. తాండూరు బండ సున్నపురాయి. ఆ నేలలోని బావినీటిలో సున్నము కరగి యుండును. నీరారిన చోట అది మిగులును. చారను తుడిచి, పొడి కాగితము నానించి, తాళపుచెవి తీసివేసి, ఫ్యానును చేతితో మెల్లగా త్రిప్పితిమి. సగము చుట్టు తిరుగునప్పటికి ముల్లు జారెను. కాగితముపై చుక్క పడెను.

పంపు అడుగున నుండు ఆ చిన్న రంధ్రమును తయారుచేసినవారే యుంచుదురు. లోపలి సీలు అరిగినచో నీళ్లు బేరింగులోనికి పోక, ఆ రంధ్రము గుండా బయటపడి మనకు తెలియవలెనని వారి యుద్దేశము. కొందరు దానిని ఎమ్‌సీల్‌తో మూయుదురు. అది నోరు లేని పశువు మూతికి గుడ్డ కట్టుట వంటిది. కొలది దినములలో బేరింగు తుప్పుపట్టి పంపు విరుగును. ఇచ్చట ఇరుసు వదులై, తిరుగునప్పుడు మాత్రమే సీలు ఎడమగుచుండెను. రాత్రి నిలిచిన బండి క్రింద తడి లేకపోవుటకు కారణ మిదియే. మరునాడు పంపు మార్చితిరి. మూడవనాడు దున్నకము సాగెను.

ఇట్టి గుర్తులును దొరకనిచో, నీళ్లలో కలుపు రంగు మందు కలదు. రాత్రివేళ అతినీలలోహిత దీపము పట్టినచో కారుచోటు మెరయును.

బావినీళ్లు మనకు సాక్ష్యము చెప్పినను, రేడియేటరులో పోయదగినవి కావు. 1900వ సంవత్సరమున జర్మనీలో మైబాక్ అనునతడు మెర్సిడెస్ బండికి చేసిన తేనెపట్టు రేడియేటరులో 8,070 చిన్న గొట్టము లుండెను. నేటి రేడియేటరు గొట్టములును సన్ననివే. సున్నము పేరుకొన్నచో అవి పూడుకొనిపోవును. బ్యాటరీ నీళ్లు సగము, కూలెంటు సగము కలిపి పోయుడు. అది మామూలు ఒత్తిడిలోనే సుమారు 107 డిగ్రీల వరకు మరుగదు, తుప్పును ఆపును. అయితే కూలెంటులో సాధారణముగా నుండు గ్లైకాలు తియ్యనిది, విషము. తీసిన దానిని తొట్టిలోగాని పళ్లెములోగాని విడువకుడు. కుక్కలు, దూడలు నాకి చచ్చును. ఆ డబ్బాలలో త్రాగునీరు పట్టరాదు. వేడి యింజను మూత నెన్నడును విప్పరాదు. ఆవిరి యెగసి ముఖము కాలును.

పంపు మార్చిన పిమ్మట, ప్రతి యుదయము ఇంజను చల్లగా నుండగా, మట్టము వద్ద ఒక గీత గీసి మూడు దినములు చూడుడు. గీత దిగినచో నాకు కబురంపుడు. మరల ఆయిలు పుల్లనుండి మొదలుపెట్టుదము.